సముద్రం మీంచి చూసిన గోపురం

గంటగోపురం కూల్చేద్దామన్న తీర్మానం రాసింది నేనే. ఇప్పుడెవరైనా అడిగితే కమిటీ అంతా కలిసి రాశామని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, దస్తూరీ నాది, మాటలు నావి, మంకుపట్టు కూడా నాదే. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. లెక్క ఒకసారి తేలాక మరొకరి మాట వినే అలవాటు నాకు లేదు. మా ఆయన బతికున్నన్నాళ్లూ నాతో వాదన మొదలవగానే చెప్పులు వేసుకుని టీ తాగడానికి వెళ్లిపోయేవారు.

మా ఊరు నరసన్నపేట నుంచి సముద్రం వైపు బస్సులో గంట ప్రయాణం. పూర్వం ఇక్కడ ఓడలు ఆగేవట. ఆ ఓడల వ్యాపారం కోసం వచ్చి కాపురాలు పెట్టిన తెల్లవాళ్లు తమ కోసం ఒక చర్చి కట్టుకున్నారు. దానికో గంటగోపురం, పక్కన బంగళా, వెనక సమాధుల తోట, చుట్టూ నిలువెత్తు ప్రహరీ. ఓడలు రావడం మానేశాయి, వాళ్లూ వెళ్లిపోయారు. కట్టడాలు మాకు మిగిలాయి. మేమంటే చుట్టుపక్కల వరి, జీడితోటలు చేసుకునే ఇరవై కుటుంబాల సంఘం. అందులో దొర అనేవాడు కనపడి ఎన్ని తరాలైనా ఊళ్లోవాళ్లు ఇప్పటికీ దాన్ని దొరల గుడి అనే అంటారు.

దాని బాగోగులకి డబ్బు కూడా దొరల నుంచే వచ్చేది. వాళ్ల మనవలూ మునిమనవలూ వాళ్ల దేశంలో ఒక గుంపుగా చేరి, పెద్దవాళ్ల సమాధులున్న చోటు కదా అని ఏటా కొంత పంపేవారు. ఆ డబ్బుతో సున్నాలు వేయించేవాళ్లం, పెంకులు మార్పించేవాళ్లం. కమిటీ కార్యదర్శిగా ఆ ఉత్తరాలన్నీ నేనే రాసేదాన్ని. ప్రతిసారీ గేటు దగ్గర నిలబడి ఒక ఫోటో తీసి పంపేదాన్ని. రెండేళ్ల కిందట అక్కడి ముసలావిడ రాసింది. వాళ్లలో ఇక మిగిలింది నలుగురేనట, నలుగురూ ఎనభై దాటినవాళ్లేనట. ఇక మీదట పంపలేం, క్షమించండి అని రాసింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక ఆ రోజంతా ఇంట్లో గిన్నెల మీద చూపించాను.

మా సంఘం ఆదాయం గురించి చెప్పుకోవాలంటే పిడికెడు బియ్యం. ప్రతి ఇల్లాలూ అన్నానికి ఎసరు పెట్టేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాలు చర్చికి వస్తాయి. అమ్మితే వచ్చినది పాస్టరు అయ్యగారి జీతానికీ కరెంటు బిల్లుకీ సరిపోతుంది. గోపురానికి ఏం సరిపోతుంది? తుపాను తర్వాత దానికి పైనుంచి కిందదాకా బీటలు వచ్చాయి. ఒక ఆదివారం ఆరాధన జరుగుతుండగా గచ్చు పెళ్ల ఒకటి ఊడి వెనక బెంచీ మీద పడింది. ఆ బెంచీ మీద ఎవరూ లేకపోవడం దేవుడి దయ.

మేస్త్రీని పిలిచి చూపించాను. బాగుచేయడానికయ్యే దాంట్లో ఆరోవంతుతో కూల్చేయొచ్చన్నాడు. కూల్చేస్తే బరువు తగ్గి హాలైనా నిలబడుతుందన్నాడు. ఇంతకన్నా తేలికైన లెక్క ఉంటుందా? అయ్యగారు మెత్తని మనిషి. "గోపురం లేకపోతే గోదాంలా ఉంటుందేమోనమ్మా" అని గొణిగారు.

"గోదాంలోకి దేవుడు రానంటాడా అయ్యగారూ?" అన్నాను.

మాఘమాసం చివర్లో పని మొదలైంది. పెళ్లలు ఎగిరి పడకుండా మేస్త్రీ గోపురం చుట్టూ పైనుంచి కిందదాకా గ్రీన్ నెట్ కట్టించాడు. మూడో రోజు తెల్లారి కూలీలు గునపాలు పట్టుకుని ఎక్కాల్సి ఉంది. నేను ఇంట్లో కాఫీ కలుపుకుంటున్నాను. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

మత్స్యకారుల వీధిలో ఉండే ముసలాయన. మొహం ఎరుగుదును, అంతకుమించి తెలియదు. పంచె తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఇసుక నా గచ్చంతా అయింది.

"పంతులమ్మా, గోపురాన్నేటి సేసినారు?"

"నీకెందుకు?" అన్నాను. అంత నెత్తురు చూసి కూడా నా నోట మొదట వచ్చిన మాట అదే.

"నాకెందుకా? నా వల పోనాది. తెప్ప ఇరిగిపోనాది. పేనం పోనేదు గాబట్టి నీతోటి మాటాడతన్నాను."

నెమ్మదిగా విషయం బయటపడింది. అర్ధరాత్రి వేటకి వెళ్లి పొద్దున్నే తిరిగి వస్తున్నాడు. పలచగా మంచు ఉంది. రేవు కోసం చూస్తే గోపురం లేదు. వెనకంతా సరుగుడు తోట పచ్చగా ఉంటుంది, ముందు మా నెట్ పచ్చగా ఉంది. రెండూ కలిసిపోయాయి. అంచనా మీద తెప్ప నడిపాడు. అది రెండు మైళ్లు దక్షిణానికి పోయి, ఏరు సముద్రంలో కలిసే మొగలో పడింది. అక్కడ కెరటం ఎప్పుడూ విరుగుతూనే ఉంటుంది. తెప్ప తిరగబడింది.

"దాన్ని సూసే గదమ్మా మాం ఇంటికొస్తాం" అన్నాడు.

నేను నమ్మలేదు. నిజం చెప్పాలంటే, నా మీద నేరం మోపుతున్నాడని మండిపోయింది. ఇప్పుడందరి దగ్గరా ఫోన్లున్నాయన్నాను. దారి చూపించే మిషన్లున్నాయన్నాను. ఆ గోపురం మా సంఘం ఆస్తి, కాగితాలు నా బీరువాలో ఉన్నాయి, ఉంచుకుంటామో తీసేస్తామో మా ఇష్టం అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "గోపురం నీదే తల్లీ. కాదన్నానేటి? సూపు మాది" అన్నాడు.

మోకాలికి పసుపు అద్దుకోమని ఇచ్చాను, కాఫీ ఇచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టి, "ఇయ్యాల, రేపు పని ఆపు. పైసగం దాకా ఆ పచ్చగుడ్డ తీయించు. నాతోటి సముద్రంలోకి రా. సూసినాక నీకు ఏది తోస్తే అది సెయ్యి" అన్నాడు. వెళ్లబోతూ ఆగాడు. "మావోలు ఆడమనిషిని పడవెక్కించరు. అది నాను సూసుకుంటాను."

ఎలా చూసుకున్నాడో నాకు పూర్తిగా తెలియదు. నేను ఆ రోజే కూలీలని ఆపి, పైసగం నెట్ తీయించాను. మర్నాడు నేను వెళ్లేసరికి రేవులో ఆయన అల్లుడి మోటారు పడవ సిద్ధంగా ఉంది. దాని ముక్కుకి పసుపు నీళ్లు చల్లి ఉన్నాయి. ముసలాయన కొబ్బరికాయ కొట్టి, సముద్రం వైపు తిరిగి ఏదో గొణిగి, నన్ను ఎక్కమన్నాడు. వీధివీధంతా ఒడ్డున నిలబడి చూస్తోంది. ఒక్కరూ నవ్వలేదు. అరవై నాలుగేళ్ల వయసులో ఇద్దరు మగవాళ్లు జబ్బ పట్టుకుని లాగితే ఎక్కాను.

అల్లుడు ఇంజను దగ్గర కూర్చున్నాడు. పాతికేళ్లు దాటినవాడు, చేతిలో మంచి ఫోను. నన్ను చూసి పళ్లన్నీ బయటపెట్టాడు. "గుర్తున్నానా టీచర్? తొమ్మిదిలో లెక్కల్లో నాకు సున్నా ఏసినారు."

గుర్తులేడు. అలాంటి సున్నాలు చాలా వేశాను.

సముద్రపు హోరు వినపడే ఇంట్లో నలభై ఏళ్లు కాపురం చేశాను. సముద్రం మీద కాలు పెట్టడం అదే మొదలు. మొదటి అరగంట నా కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాను. "అలగే ఉంటాది, సూపు దూరంగా ఎట్టమ్మా" అన్నాడు ముసలాయన. తల ఎత్తి ఒడ్డు వైపు చూశాను.

ఒడ్డు కరిగిపోతోంది. మొదట మనుషులు పోయారు. తర్వాత పాకలు, తర్వాత మేడలు. కొబ్బరిచెట్లు ఏవో, కరెంటు స్తంభాలు ఏవో తెలియకుండా పోయాయి. మా ఊరు, మా బడి, నేను ఎవరెవరితోనో ఏళ్ల తరబడి తగువులాడిన వీధులు అన్నీ కలిసి ఒక పచ్చగీత అయ్యాయి. కాసేపటికి ఆ గీత కూడా నీళ్లలోకి దిగిపోయింది. వెనక దూరాన కొండలు మాత్రం నీలంగా లేచాయి. అంత నీరు, అంత ఆకాశం మధ్య మనిషి పని అనేది ఒక్కటైనా మిగల్లేదనుకున్నాను. నాకు భయం వేసింది. భయమని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

"అదిగో" అన్నాడు.

అప్పుడు చూశాను. కొండల పాదం దగ్గర బియ్యపుగింజంత తెలుపు. మా వెనకనుంచి లేస్తున్న సూర్యుడి వెలుగు సూటిగా దాని మీదే పడుతోంది. చుట్టూ ఏదీ లేదు. అది ఒక్కటే ఉంది. నేను కూల్చమని రాసినది అదే.

ముసలాయన చెయ్యి చాపి చెప్పుకుంటూ పోయాడు. "ఆ కొండకి రెండు మూపురాలు సూసినావా? గోపురం ఆ రెండిటి నడుమకొచ్చిందనుకో, కింద రాళ్లున్నాయని లెక్క. పెద్ద సేపలు అక్కడే మసుల్తాయి. ఎడమ మూపురం మీదకెక్కిందనుకో, వల ఎయ్యకూడదు, ఇరుక్కుంటాది. కొండ దాటి ఒంటరిగా నిలబడిందనుకో, అది మన రేవు. సక్కా ఎల్లిపోడవే."

పడవ తిప్పమన్నాడు. తిరుగుతుంటే నా కళ్లముందే ఆ తెల్లగింజ కొండల మీద నడిచింది. కుడి మూపురం దిగింది, నడుమ లోయలో ఆగింది. "ఇక్కడ" అన్నాడు. అల్లుడు తాడుకి కట్టిన ఇనపముక్క వదిలాడు. అది రాయికి తగిలి టక్కుమనడం తాడు పట్టుకున్న నా వేళ్లకి తెలిసింది.

పడవ, గోపురం, కొండ. మూడు బిందువులు. ఒక సరళరేఖ. ముప్పై ఏళ్లపాటు నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసినది అదే. "ఇది ఎందుకు పనికొస్తాది టీచర్" అని వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు ప్రతి ఏడూ అడిగేవాడు. ఆ వెనక బెంచీలన్నీ మత్స్యకారుల వీధివే. "మీకెందుకురా ఇవన్నీ, పోయి వలలు లాక్కోండి" అనేదాన్ని. వాళ్ల నాన్నలు రోజూ తెల్లవారుజామున ఆ గీతలు గీసుకుని ఇంటికి వస్తున్నారు, కాగితం లేకుండా, కలం లేకుండా, ప్రాణం పెట్టి. నేను సున్నాలు వేశాను. పడవలో కూర్చుని ఏడ్చాను. అల్లుడు చూడనట్టు ఇంజనులో ఏదో సర్దుకున్నాడు.

తిరిగి వస్తూ ముసలాయనతో డబ్బు సంగతి చెప్పాను. దొరల మనవలు మానేశారని, మాకు తాహతు లేదని, కూల్చకపోయినా వచ్చే వానల్లో దానంతటదే కూలిపోతుందని. ఎంతవుతుందో అడిగాడు. చెప్పాను.

నాలుగు రోజుల తర్వాత కబురొచ్చింది. వలలు బాగుచేసుకునే పాకలో కులపెద్దలు కూర్చున్నారు, నన్ను రమ్మన్నారు. వాళ్ల పద్ధతి ఒకటి ఉంది. పడవకి వచ్చిన రాబడిలో మనుషులకి వాటాలు, వలకో వాటా, పడవకో వాటా తీశాక, అమ్మవారి పేర కూడా ఒక వాటా తీస్తారు. మూడేళ్లకోసారి వచ్చే సంబరానికి అది పోగవుతుంది. ఆ ఏడు సంబరం ఉంది. విశాఖపట్నం నుంచి పాటల బృందాన్ని మాట్లాడుకున్నారు, లైటింగు మాట్లాడుకున్నారు. ఆ వాటాలోంచి గోపురానికి ఇద్దామని ముసలాయన ప్రతిపాదన.

అడ్డం తిరిగింది ఆయన అల్లుడే. "మావా, నా ఫోన్ల అన్ని సోట్లూ గుర్తెట్టేసినాను. నాలాటోలు ఊళ్ల ఇరవైమంది ఉన్నారు. ఇంక గోపురవెందుకు?"

"ఆ సోట్లు నీకెవులు సెప్పినారొరే?"

"నువ్వే సెప్పినావు."

"నానేటి సూపెట్టి సెప్పినాను?"

అల్లుడు తల గోక్కున్నాడు. "గోపురవే."

"రేపు నీ కొడుక్కేటి సూపెట్టి సెప్తావు? సార్జింగైపోయిన ఫోను సూపెడతావా?"

పాకంతా నవ్వింది. అల్లుడూ నవ్వాడు. కానీ ఒక పెద్దాయన అసలు సంగతి ఎత్తాడు. అమ్మవారి వాటా మరో పనికి తీస్తే ఆవిడ ఊరుకుంటుందా అని. ఇద్దరు ముగ్గురు చెంపలు వేసుకున్నారు. నేను లేచి వచ్చేద్దామనుకున్నాను. అందరికన్నా పెద్ద వయసాయన, అప్పటిదాకా చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నవాడు, అప్పుడు మాట్లాడాడు.

"ఈ యేడు పాటలు ఇనకపోతే అమ్మోరు ఊరుకుంటాది. మనం ఇంటికి రాకపోతే ఊరుకోదు."

అంతే. సంబరం డప్పులతో సరిపెట్టుకోవాలని, మిగతాది గోపురానికని తేల్చారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట నిషేధించే రెండు నెలలూ మగవాళ్లు ఖాళీగానే ఉంటారు కాబట్టి కూలీ కూడా తామే చేస్తామన్నారు. నేను చేతులు జోడించాను. నా కోపం, నా నోరు ఆ రోజు ఎక్కడికి పోయాయో నాకే తెలియదు.

ఆదివారం చర్చిలో లేచి నిలబడి, తీర్మానం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. జరిగినదంతా చెప్పాను. మా పెద్దల్లో ఒకాయన నసిగాడు, వాళ్ల అమ్మవారి డబ్బు మన గుడికి పుచ్చుకోవచ్చా అని. నేను అరిచేద్దామని నోరు తెరిచేలోగా అయ్యగారు, ఆ మెత్తని మనిషి, లేచారు. "ప్రభువు వెంట మొదట నడిచినవాళ్లు వలలు లాగేవాళ్లే కదండీ. వాళ్ల పిల్లలు ఇంటికి రావడానికి ఇస్తున్నారు. మనమే సిగ్గుపడాలి, ఇన్నాళ్లూ మనకి తెలియనందుకు" అన్నారు. ఆ వారం ఇంటికో ధాన్యం బస్తా వచ్చి బంగళా వరండాలో చేరింది.

నిషేధం మొదలైన మర్నాడు వాళ్లు పనిలోకి వచ్చారు. ప్రహరీ గేటు దగ్గరికి వచ్చి ఆగిపోయారు. రండి రండి అని నేను లోపలినుంచి పిలుస్తుంటే చెప్పులు విప్పి, ఒకరినొకరు చూసుకుంటూ లోపలికి అడుగు పెట్టారు. ముసలాయన తిన్నగా గోపురం దగ్గరికి వెళ్లాడు. గోడ మీద అరచెయ్యి ఆనించాడు. తల వెనక్కి వాల్చి పైకి చూశాడు. తలపాగా జారి కింద పడినా తీసుకోలేదు.

"ఓలమ్మో" అన్నాడు. "ఇంత పెద్దదేటి ఇది!"

డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన ఇంటికీ దీనికీ మధ్య ఫర్లాంగు దూరం. చిన్నప్పుడు ఆ గేటు దగ్గరికొస్తే కాపలావాడు కర్ర తీసేవాడట. కాపలావాడు పోయి ఎన్నేళ్లయినా, ఇప్పుడు రావచ్చని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లం మేమే. వాళ్లని రావద్దన్న దొరలెవరో కానీ, రమ్మని పిలవనిది మాత్రం నేను. జీవితమంతా దాన్ని ఆయన బియ్యపుగింజంతగానే చూశాడు. నేను గేటు దగ్గర నుంచి ఫోటోలో పట్టినంతే చూశాను.

రెండు నెలలూ పని సాగింది. బీటల్లో గచ్చు కూరారు, ఇనప పట్టీలు బిగించారు. ఆడవాళ్లు ఒడ్డున ఏరిన గుల్లల్ని బట్టీలో కాల్చి సున్నం చేసి తెచ్చారు. కొన్న రంగు వద్దన్నారు, ఎండకి పాలిపోతుందట. గుల్లసున్నం తెలుపు వేరట. మూడు పూతలు వేశారు. నన్ను ఒక్క చిన్న పనిలో కూడా సలహా చెప్పనివ్వలేదు, చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది.

నిషేధం ఎత్తేసిన రోజు అర్ధరాత్రే మోటారు పడవలన్నీ వెళ్లిపోయాయి. ముసలాయన వెళ్లలేదు. మోకాలు ఇంకా సరిగ్గా వంగడం లేదు. ఏడింటికి చర్చికి వచ్చి, పైకెక్కొచ్చునా అని అడిగాడు. లోపలి మెట్లు ఇరుకు. నేను ముందు, ఆయన వెనక, ప్రతి పది మెట్లకీ ఆగి ఊపిరి పీల్చుకుంటూ గంట ఉన్న గదిదాకా ఎక్కాం. కిటికీలోంచి సముద్రం.

ఆ ఉదయం సముద్రం మీద వానకారు మసక కమ్మి ఉంది. నాకు నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆయన మాత్రం కిటికీ చట్రం రెండు చేతులా పట్టుకుని, కళ్లు చిట్లించి ఒకే చోట చూస్తున్నాడు. చాలాసేపటికి అటు వేలు చూపించాడు. నలుసంత నలుపు. అల్లుడి పడవ. అది దక్షిణానికి పోతోంది, మొగ వైపు. పిలుద్దామా, గంట కొడదామా అన్నాను. ఫోను ఆగిపోయినట్టుందన్నాడు, గంట అంత దూరం వినపడదన్నాడు. చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇద్దరం నిలబడి చూశాం.

సూర్యుడు ఆ మసకలోంచి బయటపడ్డాడు. మేం నిలబడిన గోడంతా వెలిగిపోయి కళ్లు మూసుకోవలసి వచ్చింది. తెరిచేసరికి ఆ నలుసు ఆగి ఉంది. ఆపైన మెల్లగా దాని ముక్కు తిరిగింది, తిన్నగా మా వైపు.

"సూసినాడు" అన్నాడు ముసలాయన. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సూసినాడమ్మా. మనల్ని సూసినాడు."